రెండు కిలోల కిస్మిస్, ఎనిమిది సోలలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను ఏలూరులో మా అబ్బాయి ఇంట్లో భోజనం చేసి కాస్త నడుం వాల్చానో లేదో, మా మనవరాలు ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కిస్మిస్ పొట్లం పట్టుకుని వచ్చి, నానమ్మా, రెండు వందల యాభై గ్రాములంటే ఎన్ని కప్పులు అని అడిగింది. కేకు చేస్తుందట. వాళ్ళింట్లో కప్పులున్నాయి గానీ కాటా లేదు. ఫోనులో ఒకావిడ కప్పున్నర అంటుందట, ఇంకొకాయన కాదు కప్పూ ముప్పావు అంటాడట, మూడో చోట మాత్రం ఎదురు ప్రశ్న వేశారట, కప్పు వదులుగా పోసిందా, నొక్కి నింపిందా, తలకొట్టిందా, పైకి పోగు పెట్టిందా అని. ఆ మూడో ప్రశ్న వినగానే నాకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి దగ్గొస్తే, మా కోడలు హాల్లోంచి మంచినీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. మనవరాలు పాపం చిన్నబుచ్చుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది, తనను చూసి నవ్వానేమో అనుకుని. తనని చూసి కాదు. ఆ ఒక్క ప్రశ్న నలభై ఆరేళ్ళ కిందట నన్నెవరైనా అడిగి ఉంటే, క్రిస్మస్ పూట నిండు సంఘం ముందు నా తల కొట్టేసినట్టయ్యేది కాదు కదా అని నవ్వొచ్చింది.

నా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. ఆ ఊరి సంగతి మీలో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా ఆ ఘాటు రాదు, ఉల్లిపాయల బజారు దాటితే గానీ మా ఇల్లు రాదు, ఎవరింటికైనా చుట్టాలుగా వెళితే మేం గుమ్మంలో అడుగు పెట్టకముందే గూడెం వాళ్ళొచ్చారని తెలిసిపోయేది. మా నాన్నగారు ఆ బజారులో ఒక హోల్‌సేల్ కొట్లో కాటా గుమాస్తా. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా బస్తాలు కాటా ఎక్కడం, ఆయన ముల్లు చూసి అంకె కేకెయ్యడం, అదే పని. అంచేత మా ఇంట్లో మనిషి మాట మీద కంటే కాటా ముల్లు మీద నమ్మకం ఎక్కువ. కూర తెస్తే తూకం, బెల్లం తెస్తే తూకం, సెలవుల్లో మా పిల్లలందరినీ కూడా కొట్టుకి తీసుకెళ్ళి వరసగా కాటా ఎక్కించి, ఎవరు చిక్కారో ఎవరు ఒళ్ళు చేశారో మా అమ్మకి వచ్చి చెప్పేవారు. నా పెళ్ళికి రెండు రోజుల ముందు కూడా ఎక్కించారు. నలభై రెండు కిలోలు. ఆ అంకె మా మామగారికి చెప్పి, ఆరు నెలలాగి వచ్చి మళ్ళీ చూస్తానండి అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, మా మామగారు బడిపంతులు కదా, దాన్ని పరీక్షలాగే తీసుకుని ఆ ఆరు నెలలూ నా కంచంలో వేపుడు తగ్గకుండా చూశారు. సారెలో అందరు ఆడపిల్లలకీ ఇచ్చే బిందెలూ పళ్ళేలూ కాకుండా నాకు ఒక చిన్న ఇత్తడి తక్కెడ, యాభై గ్రాముల నుంచి కిలో దాకా తూనికరాళ్ళు కూడా ఇచ్చారు మా నాన్న. చీరల కింద పెట్టుకుని తీసుకెళ్ళాను.

అత్తవారిది పెదపాడు దాటి ఇంకా లోపలికి, కొల్లేటి వారగా ఉన్న ఊరు. వానాకాలంలో నీళ్ళు పెరటి దాకా వచ్చి పలకరించి పోయేవి, చావిట్లో తాటిదోనె ఒకటి ఎప్పుడూ బోర్లించి ఉండేది, ఊళ్ళో అప్పుడప్పుడే చేపల చెరువులు తవ్వడం మొదలైంది. ఆ ఇంట్లో తక్కెడ అన్న వస్తువే లేదు. వాళ్ళకి అన్నీ కొలతే. బియ్యం సోల, పప్పు సోల, పాలు గిద్ద, ఆఖరికి కొల్లేటి ఆవలి నుంచి గంపలో పెట్టుకొచ్చి అమ్మే రొయ్యపొట్టు కూడా సోలతోనే. ఆ సోల ఇత్తడిది, అంచు అరిగి అరిగి బ్లేడులా అయిపోయింది, మా అత్తగారి అత్తగారి కాలం నాటిదట. మా అత్తగారు దానితో బియ్యం కొలిచేటప్పుడు మొదటి సోలని ఒకటి అనేవారు కాదు, లాభం అని, ఆ తర్వాత రెండు, మూడు అని లెక్కపెట్టేవారు. పొలాల ఊళ్ళో అందరూ అంతే. ఉల్లిపాయల ఊరి దాన్ని, నాకది వింతగా ఉండేది. బస్తాని కాటా ఎక్కించి లాభం కిలోలు అంటే మా నాన్నగారి ఉద్యోగం ఆ పూటే ఊడేదని మా ఆయనతో అని నవ్వుకునేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు. వాళ్ళమ్మ మాటలకు నవ్వే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అలాగని అత్తగారంటే ఆ ఇంట్లో ఏదో అధికారం చెలాయించే మనిషి అనుకునేరు. అదేం లేదు. ఇంటెడు మనుషులూ చదువుకున్నవాళ్ళే, మామగారు మిషన్ బడిలో పంతులు, మా ఆయన ఇంకో ఊళ్ళో పంతులు, నేను పదో తరగతి పాసయి టైపు కూడా నేర్చుకున్నదాన్ని. ఆవిడ మాత్రం చిన్నప్పుడు ఏలూరులో దొరసానుల హాస్టల్లో ఉండి అయిదో తరగతి దాకా చదివి, వాళ్ళ నాన్న పోతే ఇంటికొచ్చేశారట. బైబిలు కూడబలుక్కుని చదువుకునేవారు. ఏ మాట జరుగుతున్నా మధ్యలో ఆవిడ ఏదైనా అంటే, నీకు తెలియదులే అని మామగారు మెత్తగానే అనేవారు, ఆవిడ సరేనండి అని లేచి వెళ్ళిపోయేవారు. ఆవిడకి తెలిసిన విద్య ఒక్కటే. ఆ హాస్టల్ వంటింట్లో దొరసాని పక్కన నిలబడి నేర్చుకున్న క్రిస్మస్ కేకు. పౌన్లనీ ఔన్సులనీ దొరసాని చెప్పిందాన్ని ఆ పదేళ్ళ పిల్ల ఎలా సోలల్లోకి మార్చుకుందో ఆ దేవుడికే తెలియాలి గానీ, ఇరవై ఏళ్ళుగా మా సంఘానికి క్రిస్మస్ ఆరాధన అయ్యాక పంచే కేకు మా అత్తగారి చేతిదే. ఆ రోజు పాస్టరు అయ్యగారు ప్రసంగం చెప్పే పులిపీట మీంచి ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచి వందనాలు చెప్పేవారు. ఏడాది మొత్తం మీద ఆవిడ పేరు నలుగురిలో వినిపించేది ఆ ఒక్కసారే. మిగతా రోజుల్లో ఆవిడ పంతులుగారి భార్య, లేకపోతే ఫలానావాడి అమ్మ.

నేను కాపురానికి వెళ్ళిన మొదటి ఏడు, నవంబరు నెలాఖరులో, ఆవిడ పెరట్లో తడి మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. ఏలూరు ఆసుపత్రిలో కట్టు వేసి, నెలన్నర దాకా కాలు కింద పెట్టొద్దన్నారు. చూడ్డానికి మా చిన్నత్తగారు వచ్చారు. ఈవిడ మా మామగారి తమ్ముడి భార్య, ఏలూరులో నర్సు, చక్కటి మనిషే గానీ ప్రతి మాటా ఇంజెక్షన్ ఇచ్చినట్టు చెబుతారు. పండ్లు మంచం పక్కన పెట్టి, అక్కయ్యా, ఇంక ఈ అవస్థలెందుకు, ఈ ఏడాది నుంచి కేకు బేకరీలో చెప్పేద్దాం, పైన తెల్లగా క్రీము వేసి పేరు కూడా రాసిస్తారు, సంఘ పెద్దలతో నేను మాట్లాడాను అన్నారు. అత్తగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. చిన్నత్తగారు వెళ్ళిపోయాక నన్ను పిలిచి, నా చెయ్యి పట్టుకుని, ఈ ఏడు నువ్వు చెయ్యమ్మా, నేను మంచం మీంచి చెబుతాను, ఒక్క ఏడు ఆగిందంటే మళ్ళీ నా చేతికి రాదు అన్నారు. అంత పెద్దావిడ నన్ను బతిమాలుకున్నట్టు అడిగేసరికి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆవిడ పరువు నిలబెట్టాలనే అనుకున్నాను. అయితే ఎలా నిలబెట్టాలో ఆవిడకంటే నాకే బాగా తెలుసని కూడా అనుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

కేకులో పిండీ పంచదారా ఆవిడే మంచం మీద కూర్చుని ఒళ్ళో చేట పెట్టుకుని కొలుస్తానన్నారు. బాతుగుడ్లు లెక్కే కాబట్టి వాటితో పేచీ లేదు, మా వైపు పండగ కేకుకి బాతుగుడ్లే, ఆ పచ్చసొన రంగు కోడిగుడ్డుకి రాదు. ఎండుపళ్ళు మాత్రం పది రోజుల ముందే తెప్పించి, ముక్కలు కోసి, బత్తాయి రసంలో జాడీలో నానబెట్టాలి. ఆ పని నాకు అప్పగించారు. కిస్మిస్ ఎనిమిది సోలలు, ఖర్జూరం ముక్కలు రెండు సోలలు, జీడిపప్పు రెండు సోలలు అని చెప్పి, ఏలూరు వెళుతున్న మామగారికి చీటీ రాసివ్వమన్నారు. ప్రతి ఏడూ ఆవిడే బస్సెక్కి వెళ్ళి, సోల సంచిలో వేసుకుని, కొట్లో వాడి ముందే కొలిచి తెచ్చుకునేవారట. ఆ కొట్టువాడు ఆవిడ ఒక్కరి కోసం ఏడాదికోసారి కాటా పక్కన పెట్టి ఊరుకునేవాడట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు కనిపించిందల్లా ఒక్కటే, కొట్లో ఇచ్చేది కిలోల్లో, మా ఇంట్లో చెప్పేది సోలల్లో, ఈ రెంటికీ మధ్య వంతెన కట్టగలిగింది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే.

పెట్టె అడుగు నుంచి తక్కెడ తీశాను. మా ఆయన చూసి, ఇదేమిటి, కొట్టు పెడుతున్నావా అన్నారు. సోల తీసుకుని, మా ఇంట్లో బియ్యం ఎలా కొలుస్తారో సరిగ్గా అలాగే, పైన గోపురంలా నిలిచేటట్టు బియ్యమే నింపి, ఆ బియ్యం తూచాను. పావుకిలో! ముల్లు అటూ ఇటూ ఊగకుండా నిటారుగా నిలబడింది. అంత గుండ్రంగా లెక్క కుదిరేసరికి ఆనందం పట్టలేకపోయాను, ఆ కాలపు వాళ్ళకి కూడా ఎంత తెలివి, సోల అంటే పావుకిలోకి సరిపోయేలా పోత పోశారు అని మా ఆయనకి ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఎనిమిది పావుకిలోలు రెండు కిలోలు. చీటీ మీద రెండు కిలోల కిస్మిస్, అరకిలో ఖర్జూరం, అరకిలో జీడిపప్పు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి మామగారికిచ్చాను.

చదువుకున్న మీరంతా ఇప్పటికే నవ్వుతున్నారని నాకు తెలుసు. బియ్యం బరువు బియ్యానిది, కిస్మిస్ బరువు కిస్మిస్‌ది. ముడతలు ముడతలుగా, ఒకదానికొకటి ఒరుసుకుని, మధ్యలో ఖాళీలు వదిలి కూర్చునే ఎండుద్రాక్షకి, సందు లేకుండా సర్దుకునే బియ్యపుగింజకి పోలికేమిటి? టెన్త్‌లో సైన్సుకి నాకు మంచి మార్కులే వచ్చాయి, సాంద్రత అని ఒక పాఠం కూడా ఉంది, దాన్ని బట్టీ పట్టాను కూడా. ఆ పాఠంలో ఇనుమూ చెక్కా ఉన్నాయి గానీ కిస్మిస్ లేదు, అందుకని తోచలేదు. అది సగం తప్పు. మిగతా సగం ఇంకా సొగసైనది. ఆ ఊళ్ళో బియ్యం కొలిస్తే సోల మీద గోపురం ఉండి తీరాలి, కూలికి వచ్చినవాళ్ళకి కొలిచినా, ఇరుగుపొరుగుకి బదులిచ్చినా, ఇంట్లో ఎసట్లో పోసుకున్నా అంతే, తలకొట్టి కొలిచే ఇల్లాలిని ఊరంతా ఆడిపోసుకునేవారు. కానీ కిస్మిస్, జీడిపప్పు లాంటి పట్నం సరుకుని మాత్రం చేత్తో పైన ఒక్క తుడుపు తుడిచి, అంచుకి సమానంగా తలకొట్టి కొలుస్తారు. ఈ తేడా ఎవరూ నాకు చెప్పలేదు. అన్నం కుడిచేత్తో తినాలని కొత్తకోడలికి ఎవరైనా చెబుతారా? అలాగే ఇదీ. తర్వాత ఎప్పుడో తలకొట్టిన సోలెడు కిస్మిస్ తూచి చూస్తే నూట యాభై గ్రాములు దాటలేదు. అంటే కిలో పైన రెండొందలు ఉండాల్సిన చోట రెండు కిలోలు తెప్పించాను. ఖర్జూరం, జీడిపప్పు సంగతి మీరే ఊహించుకోండి.

పొట్లాలు వచ్చాయి. మామగారు సంచి దించుతూ, ధరలు పెరిగాయా, సంచి బరువు పెరిగిందా, రెండూ పెరిగినట్టున్నాయమ్మా అన్నారు. నేను పొట్లాలు విప్పి ముక్కలు కోసి జాడీలో పోశాను. ఎప్పుడూ మెడ దగ్గర ఆగాల్సిన జాడీ మూతి దాకా నిండింది, మూత పడలేదు. నానితే ఉబ్బుతాయి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, పోసి అయిదు నిమిషాలు కూడా కాలేదని అప్పుడు తోచలేదు. మిగిలిన వాటిని ఊరగాయ జాడీ ఒకటి కడిగి అందులో వేశాను. అత్తగారు మంచం మీంచే, కిస్మిస్ ఎన్ని సోలలు పడ్డాయమ్మా అని అడిగారు. ఎనిమిది అత్తయ్యగారూ అన్నాను. అబద్ధం కాదు. నా లెక్క ప్రకారం ఎనిమిదే. ఆవిడ తృప్తిగా కళ్ళు మూసుకున్నారు. ఒక్కసారి సోల పెట్టి కొలిచి ఉంటే సరిపోయేది, సోల నా మోచేతి పక్కనే ఉంది. కానీ తూచిన దాన్ని మళ్ళీ కొలవడం అంటే మా నాన్నగారిని అనుమానించినట్టు ఉండేది నాకు.

పండగకి రెండు రోజుల ముందు కేకు కాల్చడం. మీకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇళ్ళల్లో ఓవెన్లెక్కడివి, పెద్ద గుండిగలో అడుగున ఇసుక పోసి, దాని మీద కేకు గిన్నె దింపి, మూత మీద కణకణలాడే బొగ్గులు పేర్చి కాల్చేవాళ్ళం. అలాంటివి నాలుగు గిన్నెలు. పిండి కలిపి పళ్ళు వేశాక గరిటె తిరగలేదు. మా ఆయన్ని పిలిచాను. ఆయన రెండు చేతులతో తిప్పి, చెమటలు తుడుచుకుంటూ, ఇది కేకులో కిస్మిసా, కిస్మిస్‌లో కేకా అన్నారు. దొరసాని కేకంటే అంతేనండి అని దబాయించాను, దొరసానిని నేనేదో చూసినట్టు. గంటసేపు కాలాల్సింది రెండు గంటలైనా మధ్యలో గుచ్చిన పుల్లకి తడి వదల్లేదు. మంచం మీంచి అత్తగారు గాలి పీల్చి, వాసన తీపిగా ఉందమ్మా, ఎప్పటికంటే తీపిగా ఉంది అన్నారు. నేను మెచ్చుకోలనుకుని మురిసిపోయాను. ఆవిడ ఇంకేదో అనబోయి ఆగారు. అప్పటికే ఆవిడకి సగం అర్థమై ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది.

క్రిస్మస్ పొద్దున్న నలుగురు మనుషులు అత్తగారిని కుర్చీతో సహా ఎత్తి గుడికి తీసుకెళ్ళారు. ఆవిడ తెల్లచీర కట్టుకుని, కట్టు కట్టిన కాలు ముందుకు చాచి, పెళ్ళికూతురిలా ఉన్నారు. ఆరాధనైంది. మా సంఘంలో ఒక పద్ధతుండేది, కేకు గిన్నెని అందరి ముందూ పళ్ళెం మీద బోర్లించాలి, కేకు గిన్నె ఆకారంలో నిండుగా దిగగానే పిల్లలంతా చప్పట్లు కొట్టాలి, అప్పుడు అయ్యగారు కత్తి పెట్టాలి. బోర్లించే భాగ్యం ఆ ఏడు నాది. చిన్నత్తగారు ఏలూరు నుంచి వచ్చి ముందు వరసలోనే ఉన్నారు. నేను గిన్నె బోర్లించి, అడుగు మీద నాలుగు దెబ్బలు తట్టి, మెల్లిగా పైకి లేపాను.

ముందుగా కిస్మిస్ రాలాయి. వాటి వెనక ఖర్జూరం ముక్కలు, ఆ వెనక తడిపొడిగా గోధుమరంగు ముద్ద ఒకటి జారి పళ్ళెంలో కుప్పగా పడింది. కేకు అడుగుభాగం మాత్రం గిన్నెకి అతుక్కుని నన్ను వదలనంటోంది. ఒక పిల్లాడు అలవాటు కొద్దీ చప్పట్లు మొదలెట్టి, ఎవరూ అందుకోకపోయేసరికి ఆపేశాడు. రెండో గిన్నె బోర్లించాం. దాని బతుకూ అంతే. అయ్యగారు చేతిలో కత్తి పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయారు. చిన్నత్తగారు పక్కనున్న సంఘ పెద్దతో మెల్లిగానే అన్నారు గానీ గుడంతా వినపడింది.

"వచ్చే ఏడు నేను బేకరీలో చెప్పేస్తానండి. అక్కయ్యకి ఇంక ఓపిక లేదండి, పాపం."

తప్పు నాది, ఆవిడ ఓపికది కాదు, అని అరిచి చెప్పాలనిపించింది. నోరు తెరిచాను కూడా. అంతలో కుర్చీలోంచి అత్తగారి గొంతు వినిపించింది. నలుగురిలో ఆవిడ అంత గట్టిగా మాట్లాడడం నేనే కాదు, ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండరు.

"నేనే ఎక్కువ వెయ్యమన్నానండీ అయ్యగారూ. ఇన్నేళ్ళూ దేవుడి కేకుకి తలకొట్టి కొలిచాను. కూలివాళ్ళకి గోపురం పెట్టి కొలిచి, దేవుడికి తలకొట్టడమేంటని ఈ ఏడు కోడలితో గోపురం పెట్టించాను. కేకు నిలబడకపోతే పోయిందండి, కొలత నిండింది కదండీ."

అయ్యగారు ఆమేన్ అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. మామగారు, ఇన్నేళ్ళుగా నీకు తెలియదులే అంటూ వచ్చిన మనిషి, నోరు తెరుచుకుని ఆవిడ వైపే చూస్తున్నారు. అయ్యగారు కత్తి పక్కన పెట్టి, అయితే అమ్మా, పంచడం కూడా అలాగే పంచుదాం అని గరిటె తెప్పించారు. ఆ రోజు మా సంఘంలో కేకు ముక్కలుగా పంచలేదు, దోసిళ్ళు పట్టిన వాళ్ళకి పట్టినట్టు గరిటెతో పోగు పెట్టి వడ్డించాం. పిల్లలు కిస్మిస్‌లు ఏరుకుని జేబుల్లో పోసుకున్నారు. ముసలివాళ్ళు, పళ్ళు లేనివాళ్ళు, ఇన్నాళ్ళకి మాకు నమలక్కర్లేని కేకు దొరికిందమ్మా అని రెండోసారి చెయ్యి చాచారు. చిన్నత్తగారు కూడా తిన్నారు. బేకరీ మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా వచ్చే ఏడు ఇలాగే చెయ్యమని ఒకరిద్దరు సంఘ పెద్దలు అడిగేసరికి, మంచి కేకుని కావాలని కూలేట్టు ఎలా చెయ్యాలా అని మాకు కొత్త దిగులు పట్టుకుంది.

ఇంటికొచ్చాక అత్తగారు నన్నొక్క మాట అనలేదు. ఎందుకలా అయ్యిందని కూడా అడగలేదు. అడక్కపోవడమే నాకు పెద్ద శిక్షయింది. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మాత్రం, అందరం కళ్ళు మూసుకున్నాక, ఆవిడ తనకోసం ప్రార్థించుకుంటూ, తండ్రీ, నీ మందిరంలో నీ పండగ నాడే అబద్ధమాడాను, క్షమించు అన్నారు. కాస్త ఆగి, అదే గొంతుతో, నా కోడలి తక్కెడని కూడా క్షమించు తండ్రీ అన్నారు. మా ఆయన పక్కన కూర్చుని నవ్వాపుకోలేక దగ్గడం మొదలెట్టారు. మామగారు దగ్గారు. నేను మాత్రం కళ్ళు తెరవకుండా ఏడ్చాను, నవ్వుతూనే. ఆమేన్ అన్నాక ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, తూకం చెడ్డది కాదమ్మా, అడిగి తూచాలి అన్నారు. అంతే, ఆ విషయం అక్కడితో ముగిసింది. ఆ పై ఏడు ఇద్దరం కలిసి ఏలూరు వెళ్ళాం, ఆవిడ సోలతో కొలుస్తుంటే నేను తూచి రాసుకున్నాను, కొట్టువాడు మా ఇద్దర్నీ చూసి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంకో పద్ధెనిమిదేళ్ళు ఆ కేకు ఆవిడ చేతిదే. అయ్యగార్లు మారారు గానీ పులిపీట మీద ఆవిడ పేరు మారలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. కొల్లేటి వారగా ఇప్పుడు చూస్తే కనుచూపు మేర చెరువులే, చేపలు టన్నుల్లెక్కన లారీలెక్కి వెళుతున్నాయి, మా సంఘంలో కేకు ఏలూరు బేకరీ నుంచే వస్తుంది, తెల్లటి క్రీము మీద పేరు కూడా రాసి. చక్కగా ఉంటుంది, ఎవరి ముందూ కూలిపోదు. ఇవన్నీ మారాయని దిగులుపడే రకం కాదు నేను, బొగ్గుల పొగ ఎవరు కోరుకుంటారు? నాకు బాధ కలిగించేది వేరు. పోయిన ఏడాది మా కోడలు మొదటిసారిగా చుట్టాలందర్నీ ఒకేసారి పిలిచి భోజనం పెట్టింది. పొద్దున్నుంచీ ఒక్కత్తే అవస్థ పడింది. తీరా వడ్డించేసరికి బిర్యానీ అడుగంటి మాడు వాసన కొట్టింది. అందరూ కంచాల్లోకి చూస్తూ ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలిసిన నిశ్శబ్దమే. అయినా నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, మంట తగ్గించమని నేను ముందే చెప్పాను కదమ్మా అని. ఆ పిల్ల తలవంచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనే పెంచమన్నానండీ అని ఒక్క అబద్ధం ఆడితే నా సొమ్మేం పోయేది? ఆ క్షణాన తోచలేదు. మా అత్తగారికి అయిదో తరగతి చదువుతో నిండు గుడిలో తోచింది, నాకు సొంత మనుషుల మధ్య భోజనాల బల్ల దగ్గర తోచలేదు.